తత్త్వసభలో ఆమె ఆసనము

*మొదటి సంవత్సరపు తరగతిలో ఇంచుమించు సగము మంది యువతులే. ఆచార్యపీఠము చేరునప్పటికి నలుగురిలో ఒక్కతె మాత్రమే మిగులుచున్నది. నడుమ ఏమి జరుగుచున్నది?*

1678వ సంవత్సరము, జూన్ 25వ తేదీ. ఇటలీ దేశమునందలి పాడువా పట్టణపు ప్రధాన దేవాలయము జనులతో క్రిక్కిరిసి యున్నది. విశ్వవిద్యాలయపు సభాభవనములో జరుగవలసిన ఒక పరీక్షను, చూడవచ్చినవారికి ఆ భవనము చాలకపోవుటచే, దేవాలయమునకు మార్చిరి. ఆచార్యులు, విద్యార్థులు, వెనిసు రాజ్యపు పెద్దలు, కులీన కుటుంబముల స్త్రీపురుషులు నిశ్చలులై చూచుచుండగా, ముప్పది రెండేండ్ల యువతి ఒకతె లేచి నిలిచి, అరిస్టాటిలు గ్రంథములనుండి అప్పటికప్పుడు ఎంపిక చేసి యిచ్చిన భాగములను లాటిను భాషలో సుమారు ఒక గంటసేపు వ్యాఖ్యానించెను. ఆమె పేరు ఎలేనా కార్నరో పిస్కోపియా. పరీక్షకులు ఆమె శిరస్సుపై లారెలు ఆకుల కిరీటమును, వ్రేలికి ఉంగరమును, భుజములపై ఎర్మిను రోమముల వస్త్రమును ఉంచి, తత్త్వశాస్త్రములో డాక్టరు పట్టమును ప్రదానము చేసిరి. విశ్వవిద్యాలయమునుండి ఆ పట్టమును పొందిన తొలి వనితగా చరిత్ర ఆమెను స్మరించుచున్నది.

అయితే ఆ వైభవము వెనుక ఒక తిరస్కారము కలదు. ఆమె పక్షమున మొదట కోరినది దైవశాస్త్రములో పట్టము. దానిని స్త్రీకి ఈయరాదని పాడువా బిషపు గ్రెగోరియో బార్బరీగో గట్టిగా అడ్డుపడగా, రాజీమార్గముగా తత్త్వశాస్త్రము నిర్ణయమైనది. ఆ ఒక్కతెకు కిరీటము పెట్టిన పిమ్మట ద్వారము మరల మూతపడినది. బొలోన్యా విశ్వవిద్యాలయము 1732లో లారా బస్సికి తత్త్వశాస్త్రములో డాక్టరు పట్టము నిచ్చువరకు, అనగా అర్ధశతాబ్దమునకు మించి, ఇంకొక స్త్రీ పేరు మనకు వినబడదు. ఒకతెకు పట్టము కట్టుట వేరు, స్త్రీలకు తలుపు తీయుట వేరు అను సత్యమును, మూడువందల యేండ్లు దాటిన తరువాత కూడ, తత్త్వశాస్త్ర శాఖలు పూర్తిగా గ్రహించినట్లు తోచదు.

ఏటేటా నవంబరు నెల మూడవ గురువారమును యునెస్కో ప్రపంచ తత్త్వశాస్త్ర దినముగా జరుపుచున్నది. ఆ సందర్భమున వేదికలపై వినబడు పేర్లలో స్త్రీల పేర్లు ఎన్ని అని అడుగువారు ఇటీవల పెరిగిరి. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఆక్సుఫర్డులో చదువుకొన్న నలుగురు తత్త్వవేత్తల జీవితములపై, ఒకదాని వెంట ఒకటిగా రెండు ప్రసిద్ధ గ్రంథములు వెలువడుటతో ఆ ప్రశ్నకు మరింత బలము చేకూరినది. వైద్యశాస్త్రమున, న్యాయశాస్త్రమున, సాహిత్యమున, జీవశాస్త్రమున స్త్రీలు పురుషులకు సరిసమానముగా నిలిచిన దేశములలోనే, జ్ఞానమునకు మూలమని చెప్పుకొను ఈ శాస్త్రమున వారు ఇంత తక్కువగా ఉండుటకు హేతువేమి?

అంకెలు చూపు దారి

బ్రిటనులో హెలెన్ బీబీ, జెన్నిఫర్ సాల్ అను ఇరువురు తత్త్వశాస్త్రజ్ఞులు 2011లో ఒక నివేదికను ప్రకటించిరి. పట్టభద్రతరగతిలో 46 శాతముగా నున్న స్త్రీలు, పరిశోధక విద్యార్థులలో 31 శాతమునకు, శాశ్వతోద్యోగులలో 24 శాతమునకు, ఆచార్యులలో 19 శాతమునకు దిగిపోవుచున్నట్లు అందులో తేలినది. ప్రతి మెట్టునందును కొందరు నిలిచిపోవుచున్నారు. పై మెట్టున ఉన్నవారిని చూచి క్రింది మెట్టువారు తమ భవిష్యత్తును ఊహించుకొనుచున్నారు. గట్టు ఎక్కడను తెగకుండగనే, పొడవునా నీరింకిపోవు కాలువవలె నున్నది ఈ వరుస.

అమెరికాలో 2012లో ప్రచురితమైన మరియొక పరిశీలన ఈ చిత్రమునకు ఒక ముఖ్యమైన వివరమును చేర్చినది. అన్నిటికంటె పెద్ద తగ్గుదల పరిశోధన చివరనో ఉద్యోగముల పోటీలోనో కాక, పరిచయతరగతి ముగిసి, ఆ శాస్త్రమును ప్రధానవిషయముగా ఎంచుకొను ఘట్టమునందు కనబడుచున్నదని దాని సారాంశము. ఒక్క పాఠ్యక్రమమును రుచి చూచి, ఇది నాకు కాదని విద్యార్థిని తప్పుకొనుచున్నది. ఆమెను ఎవరును పొమ్మనలేదు; కాని ఆమె ఉండదగినదని అక్కడ ఏదియు ఆమెకు చెప్పలేదు.

> అంకెలలో
>
> • బ్రిటనులో 2021 నాటి నివేదిక ప్రకారము శాశ్వతోద్యోగములలో స్త్రీలు సుమారు 30 శాతము. ఆచార్యులలో సుమారు 25 శాతము. పదేండ్లలో కలిగిన వృద్ధి ఇంతే.
>
> • 2011లో అమెరికాలో కళాచరిత్ర, మనస్తత్త్వశాస్త్రములలో డాక్టరేటు పొందినవారిలో సుమారు 70 శాతము స్త్రీలు. తత్త్వశాస్త్రములో 35 శాతము కంటె తక్కువ.
>
> • సాలీ హాస్లాంగర్ 2008లో ప్రకటించిన వ్యాసము ప్రకారము, ప్రముఖ తత్త్వశాస్త్ర పత్రికలలో స్త్రీలు వ్రాసిన వ్యాసములు సుమారు 12 శాతము మాత్రమే.

మినహాయింపుల చరిత్ర

ఈ తప్పుకొనుటకు పూర్వరంగముగా, లోనికి రానీయని దీర్ఘకాల మొకటి కలదు. హార్వర్డు విశ్వవిద్యాలయమున మేరీ విటన్ కాల్కిన్స్ అను విదుషి 1890 ప్రాంతమున విలియం జేమ్సు, జోసయా రాయిసు వంటి మహామహుల తరగతులలో కూర్చుండుటకు, తండ్రియు, తాను బోధించు వెల్స్లీ కళాశాల అధ్యక్షురాలును ప్రత్యేకముగా అర్థింపగా, అతిథి హోదాలో మాత్రమే అనుమతి లభించినది. 1895లో ఆమె డాక్టరేటునకు తగిన పరీక్ష నిచ్చెను. పరీక్షించిన ఆచార్యులు ఆమె ప్రతిభను వేనోళ్ళ కొనియాడిరి. పట్టము నిమ్మని సిఫారసు చేసిరి. ఆమె స్త్రీ యైనందున విశ్వవిద్యాలయము నిరాకరించినది. కొన్నేండ్లకు, స్త్రీలకై వేరుగా నెలకొల్పిన రాడ్క్లిఫ్ కళాశాల పేరిట పట్టము నిత్తుమనగా, చదివినది హార్వర్డులో గనుక అక్కడి పట్టమే తనకు న్యాయమని ఆమె దానిని స్వీకరింపలేదు. ఆ పట్టము లేకుండగనే 1918లో ఆమె అమెరికన్ తత్త్వశాస్త్ర సంఘమునకు అధ్యక్షురాలయ్యెను.

జర్మనీలో ఎడిత్ స్టైన్ అనునామె 1916లో ప్రఖ్యాత తత్త్వవేత్త హుస్సెర్ల్ కడ డాక్టరేటు పొంది, ఆయనకు సహాయకురాలై, గురువుగారి గజిబిజి వ్రాతప్రతులను అచ్చుకు తగినట్లు తీర్చిదిద్దెను. విశ్వవిద్యాలయమున బోధించు అర్హతకై ప్రయత్నించినపుడు మాత్రము స్త్రీ యను కారణమున ద్వారము మూసిరి. ఆమె ప్రభుత్వమునకు మొరపెట్టుకొనగా, స్త్రీత్వము ఆ అర్హతకు అడ్డంకి కారాదని 1920లో ప్రష్యా మంత్రిత్వశాఖ ప్రకటించెను. ఆ ఉత్తరువు తరువాతివారికి ఉపకరించినదే గాని ఆమెకు పీఠము నీయలేదు. యూదు కుటుంబమున పుట్టి క్రైస్తవ సన్న్యాసినియైన ఆ విదుషి 1942లో ఆష్విట్జు మృత్యుశిబిరమున హతురాలయ్యెను.

ఇట్టి కథలను చదువునపుడు ఒక విషయము స్ఫుటముగా గోచరించును. వీరి బుద్ధిని ఎవరును సందేహింపలేదు. సందేహించుటకు అవకాశము లేనంత ప్రతిభ వారిది. వారిని మెచ్చుకొనినవారే, ఆ మెప్పును నియమముగా మార్చుటకు మాత్రము సమ్మతింపకపోయిరి. మెప్పు మినహాయింపునకు దక్కినది. నియమము పురుషుని పక్షమునే నిలిచినది.

పురుషులు రణరంగమునకు పోయిన వేళ

ఈ నియమము ఒక్క కొద్దికాలము సడలినపుడు ఏమి సంభవించునో చూపుటకు చరిత్రలో అపూర్వమైన సాక్ష్య మొకటి కలదు. 1939లో యుద్ధము రాగా ఆక్సుఫర్డు యువకులు క్రమముగా సైన్యమునకు పోయిరి. తరగతులలో మిగిలినవారు స్త్రీలు, శరణార్థులు, యుద్ధమును అంతరాత్మ సాక్షిగా నిరాకరించినవారు. ఆ తరగతులలో ఎలిజబెత్ ఆన్స్కోంబ్, ఐరిస్ మర్డాక్, మేరీ మిడ్జ్‌లీ, ఫిలిప్పా ఫుట్ అను నలుగురు యువతులు కూర్చుండిరి. నలుగురును 1919, 1920లలో పుట్టినవారు. నలుగురును ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణలైనవారు.

తరువాతి వారి కృషి ఇరువదవ శతాబ్దపు నీతిశాస్త్రమును మార్చివేసెను. ఆన్స్కోంబ్ 1953లో తత్త్వవేత్త విట్గెన్‌స్టైన్ మహాగ్రంథమునకు ఆంగ్లానువాదము వెలువరించి, 1957లో సంకల్పస్వభావమును విచారించు గ్రంథమును రచించి, ఏడుగురు బిడ్డలను పెంచి, 1970లో కేంబ్రిడ్జిలో ఒకనాడు విట్గెన్‌స్టైన్ అధిష్ఠించిన పీఠమునే అధిష్ఠించెను. హిరోషిమా, నాగసాకి నగరములపై అణుబాంబు వేయించిన అమెరికా మాజీ అధ్యక్షుడు ట్రూమనుకు 1956లో ఆక్సుఫర్డు గౌరవపట్టము నీయబూనగా, నిరపరాధులను చంపించినవానిని గౌరవింపరాదని సభలో లేచి పలికినది ఆమెయే. ఆమె పక్షమున నిలిచినవారు బహు కొద్దిమంది. ఫుట్ 1967లో వ్రాసిన వ్యాసములోని అదుపుతప్పిన ట్రాముబండి ఉదాహరణము నేడు ప్రపంచమంతటను నీతిశాస్త్ర తరగతులలో చర్చనీయాంశము. చోదకుడు లేని కారులు ఎట్లు నడుచుకొనవలెనను వాదములలో సైతము అది ప్రస్తావనకు వచ్చుచున్నది. మర్డాక్ తత్త్వవేత్తగను, నవలాకర్త్రిగను కీర్తి గడించెను. మిడ్జ్‌లీ మనుష్యునకును జంతువులకును గల సంబంధమును గూర్చి తొలి గ్రంథమును 1978లో, అరువదేండ్లు సమీపించుచుండగా ప్రచురించి, తొంబది తొమ్మిదవయేట కన్నుమూయువరకు వ్రాయుచునే యుండెను.

ఒకే తరమున, ఒకే ఊరిలో, ఇందరు ఎట్లు రాగలిగిరి? మిడ్జ్‌లీ తానే 2013లో ఒక పత్రికకు లేఖ వ్రాయుచు సమాధానము చెప్పెను. లోపము పురుషులలో లేదనియు, చురుకైన యువకులను గుంపుగా చేర్చి వాదమున ఒకరినొకరు ఓడింపుమని ప్రోత్సహించు పద్ధతిలో కలదనియు, ఆ పద్ధతి యుద్ధకాలమున తాత్కాలికముగా అంతరించుటచే తమ మాట వినబడినదనియు ఆమె అభిప్రాయము. ఆమె మాటను నేను సంపూర్ణముగా విశ్వసింతును. ఆ నలుగురి ప్రతిభ యుద్ధము వలన పుట్టలేదు. వారివంటి ప్రతిభావంతురాండ్రు అంతకు ముందును ఉండిరి, తరువాతను ఉండిరి. గదిలో నెమ్మదిగా, నిదానముగా ఆలోచించుటకు చోటు మాత్రము వారికి దొరకలేదు.

వాదము, కలహము

తత్త్వచర్చ యనగా ప్రతిపక్షమును ఖండించుటయే యను భావము ఆంగ్లభాషా విశ్వవిద్యాలయములలో బలముగా పాతుకొని యున్నది. జానిస్ మౌల్టన్ 1983లో ఒక ప్రసిద్ధవ్యాసమున ఈ పద్ధతిని విమర్శించుచు, ఎదుటివాని సిద్ధాంతమును కూల్చుటను మాత్రమే తర్కమని ఎంచినచో, క్రొత్త యాలోచనను ఓపికతో పెంచి పోషించు తర్కము మరుగున పడునని వివరించెను. సమాజము పురుషుని కలహశీలతను తేజస్సనియు, స్త్రీ కలహశీలతను గయ్యాళితనమనియు చూచునంతకాలము, కలహమే ప్రమాణమైన సభలో ఇరువురికిని సమాన న్యాయము జరుగదు.

ఇందువలన స్త్రీలకు ఖండనమండనములు చేతగావని అనుకొనరాదు. యుద్ధానంతరము ఆక్సుఫర్డులోని సోమర్విల్ కళాశాలలో ఫుట్, ఆన్స్కోంబ్ ఇరువురును మధ్యాహ్న భోజనానంతరము నిత్యము వాదించుకొనుచుండిరి. దాదాపు ప్రతి విషయమునను ఆన్స్కోంబ్ తనతో విభేదించెడిదనియు, అయినను తాను నేర్చినది అధికముగా ఆమె వలననే యనియు ఫుట్ స్మరించుకొనెను. ఆన్స్కోంబ్ కాథలిక్ భక్తురాలు, ఫుట్ నాస్తికురాలు. సత్యము కొరకు సాగిన వాదము స్నేహమును చంపలేదు సరికదా, దానిని దశాబ్దములపాటు పోషించినది.

వాదశైలి కంటె ఘోరమైన విషయము మరియొకటి కలదు. గత దశాబ్దమున అమెరికాలోని పలు తత్త్వశాస్త్ర శాఖలను లైంగిక వేధింపుల ఆరోపణలు కుదిపివేసినవి. చిన్న శాఖ, కొద్దిమంది ఆచార్యులు, ఒక్క పెద్దమనిషి సిఫారసు లేఖపై ఆధారపడిన విద్యార్థిని భవిష్యత్తు. ఇట్టి చోట నోరు విప్పుట ఎంత కష్టమో వేరుగా చెప్పనక్కరలేదు. నోరు విప్పలేనివారు నిశ్శబ్దముగా తప్పుకొనుదురు. వారు ఎందుకు వెళ్ళిరో ఏ పట్టికయు నమోదు చేయదు.

సహజప్రతిభ యను భ్రమ

2015లో సారా-జేన్ లెస్లీ, ఆండ్రే సింపియన్, వారి సహచరులు ముప్పది శాస్త్రములకు చెందిన పద్దెనిమిది వందల మందికి పైగా విద్వాంసులను ఒక ప్రశ్న అడిగిరి: మీ శాస్త్రమున రాణించుటకు కృషి ప్రధానమా, లేక నేర్పినను రాని సహజప్రతిభ ప్రధానమా? సహజప్రతిభయే ముఖ్యమని ఏ శాస్త్రమువారు ఎక్కువగా నమ్ముదురో, ఆ శాస్త్రమున స్త్రీల సంఖ్య అంత తక్కువగా కనబడినది. అట్టి నమ్మకమున అగ్రస్థానము తత్త్వశాస్త్రమునదే.

మేధావి యనగానే ఏకాంతమున కూర్చున్న పురుషుడొకడు మన మనోనేత్రమునకు కనబడుచున్నాడు. ఈ చిత్రము ఎంత లేతవయసున ముద్రపడునో అదే పరిశోధకులలో ఇరువురు లిన్ బియాన్‌తో కలిసి 2017లో చూపిరి. ఐదేండ్ల బాలికలు, తమవంటి ఆడవారును మిక్కిలి తెలివైనవారు కాగలరని బాలురవలెనే నమ్ముదురు. ఆరేండ్లు వచ్చునప్పటికి ఆ నమ్మకము సన్నగిల్లుచున్నది. తెలివైన పిల్లలకు మాత్రమే యని చెప్పిన ఆటనుండి వారు వెనుకకు తగ్గుచున్నారు. ఆస్ట్రేలియాలోని సిడ్నీ విశ్వవిద్యాలయమున జరిగిన ఒక పరిశీలనయు దీనితో పొసగుచున్నది. తత్త్వశాస్త్రమున కొనసాగవలెనను కోరిక మొదటి దినముననే యువకులకంటె యువతులలో తక్కువగా నున్నదని అది తెలిపెను. కావున విశ్వవిద్యాలయపు గుమ్మమున మనము చూచు ఫలితమునకు బీజము పెరటిలో, పలకాబలపముల నాడే పడుచున్నదని గ్రహింపవలెను.

ఇల్లును, కాలమును

మిడ్జ్‌లీ తొలి గ్రంథము అంత ఆలస్యమగుటకు కారణము స్పష్టమే. భర్తతో న్యూకాసిలుకు వెళ్ళి, ముగ్గురు కుమారులను పెంచు కాలమున ఆమె ఉద్యోగమునకు దూరమయ్యెను. ఆమెకు దీర్ఘాయువు కలదు గనుక ఆ నష్టము పూడినది. శాశ్వతోద్యోగము కొరకు ముప్పది, నలుబది యేండ్ల నడుమ వరుసగా వ్యాసములు ప్రచురింపుమని కోరు నేటి పద్ధతిలో, బిడ్డలను కని పెంచు వయస్సును ఉద్యోగము నిలుపుకొను వయస్సును ఒక్కటే. ఈ భారము వైద్యశాస్త్రమునను ఉన్నదే; అక్కడ స్త్రీలు నిలిచియున్నారు. అందుచే ఇల్లొక్కటే హేతువు కాజాలదు. పైన చెప్పిన కారణములతో కలిసినప్పుడు మాత్రము అది కడపటి బరువగుచున్నది.

స్వభావభేదమే హేతువందురా?

స్త్రీపురుషుల సహజానుభూతులు తాత్త్విక సమస్యలపై వేరు వేరుగా నుండుననియు, అందుచే స్త్రీలు ఈ శాస్త్రమున ఇమడలేకపోవుచున్నారనియు ఇరువురు పండితులు కొంతకాలము క్రిందట ప్రతిపాదించిరి. ఇతరులు అదే ప్రయోగములను విస్తృతముగా మరల చేసి చూడగా ఆ భేదము నిలువలేదు. స్త్రీబుద్ధికి లోపమంటగట్టు వాదము మరియొకసారి ప్రమాణము లేక వీగిపోయినది.

న్యాయముగా చెప్పవలసిన ఇంకొక మాట కలదు. ఇటీవలి నియామకముల లెక్కలను పరిశీలించినవారిలో కొందరు, డాక్టరేటు పొందిన స్త్రీలకు ఉద్యోగము దొరకుటలో ప్రతికూలత కనబడుట లేదని, కొంత అనుకూలతయే ఉన్నదని చెప్పుచున్నారు. ఈ మాటను త్రోసిపుచ్చ నక్కరలేదు. నియామకసంఘముల తీరు మారినచో అది సంతోషకరమే. కాని ఆ సంఘము ముందుకు వచ్చువరకు నిలిచియున్న స్త్రీలే కొద్దిమంది. వ్యాధి ఎక్కడ కలదో చికిత్స అక్కడ జరుగవలెను. అది తొలి తరగతిగదిలోను, దానికి ముందున్న బాల్యమునందును కలదు.

> పఠనీయులు
>
> • ఆన్ కాన్వే: పదునేడవ శతాబ్దపు ఆంగ్ల తత్త్వవేత్త. ఆమె గ్రంథము మరణానంతరము, పేరు లేకుండ 1690లో వెలువడినది. లైబ్నిట్జు ఆమెను ఆదరమున స్మరించెను.
>
> • ఎమిలీ దు షాత్లే: న్యూటను మహాగ్రంథమును ఫ్రెంచిలోనికి అనువదించి వ్యాఖ్యానించినది. 1749లో ప్రసవానంతరము మరణించినది. అనువాదము 1759లో సమగ్రముగా వెలువడినది.
>
> • సిమోన్ ద బోవా: ఇరువదియొకటవ యేట, 1929లో, ఫ్రాన్సు దేశపు కఠినమైన తత్త్వశాస్త్ర పోటీపరీక్షలో ద్వితీయస్థానమున నిలిచినది. ప్రథముడు సార్త్ర.
>
> • మిరాండా ఫ్రికర్: ఒకరి మాటను వారి జాతిని బట్టియో లింగమును బట్టియో నమ్మకపోవుటయు అన్యాయమేనని 2007 నాటి గ్రంథమున నిరూపించినది.

నష్టము ఎవరిది?

ఇది ఉద్యోగముల పంపకపు తగవు మాత్రమేయని కొందరు తలంతురు. ఆ తలంపు సరికాదని బొహీమియా రాకుమారి ఎలిజబెత్ జీవితము ఒక్కటియే చాటగలదు. ఆత్మ వేరు, దేహము వేరు అని సిద్ధాంతీకరించిన డెకార్తును ఆమె 1643లో, ఇరువది నాలుగేండ్ల ప్రాయమున, లేఖ వ్రాసి ప్రశ్నించెను: ఆలోచించుట తప్ప వేరొక ధర్మము లేని ఆత్మ దేహమును ఎట్లు కదల్పగలదు? డెకార్తు దానికి నిండైన సమాధానము చెప్పలేకపోయెను. మరుసటి యేట ఒక గ్రంథమును ఆమెకు అంకితము చేసెను. భావావేశములను గూర్చిన ఆయన కడపటి గ్రంథము వారి లేఖలనుండియే రూపు దిద్దుకొన్నది. ఆమె తన లేఖల ప్రచురణకు సమ్మతింపలేదు. అవి 1879 వరకు వెలుగు చూడలేదు. రెండు శతాబ్దములకు పైగా విద్యార్థులు సమాధానములను చదివిరి గాని ప్రశ్నించినవారి వాక్యములను చదువలేదు. అట్టి ప్రశ్నలు ఎన్ని అడుగబడకయే పోయినవో ఎవరు లెక్కింపగలరు? గర్భధారణము, బిడ్డల పెంపకము, ఇతరులపై ఆధారపడుట, గృహమున జరుగు అన్యాయము మొదలగునవి మానవజీవితమున ఇంత పెద్దభాగమై యుండియు, వేలయేండ్లు తత్త్వవేత్తల బల్లపైకి దాదాపు రానేలేదు. స్త్రీలు వచ్చిన తరువాతనే అవి తత్త్వవిషయములైనవి.

మన యింట ఈ ప్రశ్న

ఈ మాట వచ్చినపుడు మనము గార్గిని, మైత్రేయిని తలచుకొందుము. అది న్యాయమే. జనకుని సభలో యాజ్ఞవల్క్యుని రెండుమారులు నిలువరించి ప్రశ్నించి, మొదటిమారు హద్దుమీరవద్దను హెచ్చరిక పొందియు మరల లేచి, కడపట ఆయన నెవ్వరును జయింపజాలరని సభకు తీర్పు చెప్పినది గార్గి. అయితే ఆ యిరువురి పేర్లు చెప్పి తృప్తిపడుట, పాడువాలో ఒకతెకు కిరీటము పెట్టి తృప్తిపడుటవంటిదే. గార్గికి ముందు వెనుకల ఎందరు నిలిచిరి, ఎందరిని నిలువనిచ్చిరి అను ప్రశ్న మనమును వేసికొనవలెను.

మన విశ్వవిద్యాలయములలో పాశ్చాత్యదర్శనము చాలకాలముగా డెకార్తుతో మొదలై కాంటుతో ముగియు పురుషుల వరుసగానే బోధింపబడుచున్నది. డెకార్తును చదువు విద్యార్థినికి, ఆయనను నిలదీసిన ఎలిజబెత్తును కూడ పరిచయము చేయుటకు అదనపు సొమ్ము అక్కరలేదు. ఒక్క దినము చాలును. విస్మృతలను వెదకి తెచ్చు పనికి తెలుగునాట పూర్వాదర్శమును కలదు. ఆడవారు బుద్ధిహీనలను ఆక్షేపమును ఖండించుటకై భండారు అచ్చమాంబ ఇరువదవ శతాబ్ది ఉదయించు వేళ దేశమందలి స్త్రీల చరిత్రలను వెదకి కూర్చి, 'అబలా సచ్చరిత్ర రత్నమాల'ను వెలువరించెను. బడిలో చదువుకొనని ఆ యువతి చేసిన పనిని, వసతులన్నియు గల మన విద్యాసంస్థలు కొనసాగింపలేవా?

చేయవలసిన పనులు

బ్రిటనులోని తత్త్వశాస్త్ర సంఘములు 2014లో కొన్ని సదాచారములను రూపొందించి శాఖల ముందుంచినవి. గోష్ఠులలో ప్రశ్న అడుగువారికి వరుస పాటించుట, పెద్దగొంతుకవారికే అవకాశ మీయకుండుట, వ్యాసములను రచయిత పేరు దాచి పరీక్షించుట, బిడ్డలు గలవారికి వీలగు వేళల సభలు జరుపుట, వేధింపు ఫిర్యాదులకు భయము లేని మార్గ మేర్పరచుట వంటివి అందులోనివి. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయము 2015నుండి కాన్వే, షాత్లే వంటివారి రచనలను అధ్యాపకులు ఉచితముగా వాడుకొనునట్లు సమకూర్చుచున్నది. ఇవి విప్లవములు కావు, నిత్యకృత్యములు. అయినను శాఖ స్వభావమును నిర్ణయించునవి నిత్యకృత్యములే.

అధ్యాపకులకు నా మనవి యిది: వచ్చు విద్యాసంవత్సరపు పాఠ్యపట్టికలో స్త్రీల రచనలను కడపటి వారమునకు అనుబంధముగా కాక, వాదము నడుచు చోటనే, డెకార్తు పక్కన ఎలిజబెత్తును, నీతిశాస్త్రమునకు ముఖద్వారముగా ఫుట్‌ను, ఆన్స్కోంబ్‌ను ఉంచుడు; తరగతిలో తొందరపడి చేయెత్తినవానితోపాటు ఆలోచించి ఆలస్యముగా ఎత్తినామెకును సమానముగా సమయ మిండు. తలిదండ్రులకు ఇంకొక మనవి: మీ యింట ఆరేండ్ల బాలిక, ఆకాశమునకు అంతము కలదా, చనిపోయినవారు ఎక్కడికి పోవుదురు, అబద్ధము ఎందుకు తప్పు అని అడిగినపుడు, ఆడపిల్లకు ఇన్ని ప్రశ్నలెందుకని కసరకుడు. ఆమెతో కూర్చుండి ఆలోచింపుడు. తత్త్వశాస్త్రము మొదలగునది ఆ ప్రశ్నతోనే. దానిని అడుగు హక్కు ఆమెకు పుట్టుకతోనే కలదు.